ఓనర్ మంచివాడైతే సరిపోతుందా?

మేం ఒకప్పుడు అద్దెకున్న ఫ్లాట్‌లో పడగ్గది గోడ ఒకటి చెమర్చేది. మొదట బీరువా వెనక అరచేయంత మచ్చ కనిపించింది. రెండు నెలలకి అది బీరువా ఎత్తు పాకింది. పెయింట్ పొక్కులు లేచి, చేత్తో తాకితే పొడి రాలేది. బీరువా అడుగు అరలో పెట్టిన దుప్పట్లకి ముక్కిన వాసన పట్టి, ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదు.

ఓనర్ గారికి ఫోన్ చేస్తే ఎప్పుడూ విసుక్కోలేదు. "అయ్యో, అలాగా అండీ, ప్లంబర్‌ని పంపిస్తాను" అనేవారు. ప్లంబర్ వచ్చేవాడు కాదు. మళ్లీ చేస్తే "వాడు వేరే పనిలో ఇరుక్కున్నాడు, వచ్చే వారం చూద్దాం" అనేవారు. మర్యాదస్తుడు. అద్దె రెండు రోజులు ఆలస్యమైనా పల్లెత్తు మాట అనేవారు కాదు. అలాంటి మనిషిని గట్టిగా అడగడానికి నోరు రాలేదు. అలా ఏడు నెలలు గడిచాయి.

జరుగుతున్నది తప్పని నాకు తెలుస్తోంది, కానీ ఏ లెక్కన తప్పో చెప్పలేకపోయాను. అగ్రిమెంట్ తీసి చదివాను. అద్దె ఏ తారీఖుకి కట్టాలో ఉంది. ఆలస్యమైతే ఏమవుతుందో ఉంది. గోడలకి మేకులు కొట్టకూడదని ఉంది. గోడ చెమరిస్తే ఎవరు, ఎన్ని రోజుల్లో బాగు చేయాలో మాత్రం ఎక్కడా లేదు.

ఇల్లు అద్దెకివ్వడాన్ని ఒక వృత్తిలా చూసి, దానికి రాతలో ప్రమాణాలు పెట్టాలని కొన్ని దేశాలు చూస్తున్నది ఆ ఖాళీని పూడ్చడానికే. బస్సు నడపాలంటే లైసెన్స్ కావాలి. ఒక కుటుంబం వండుకుని, నిద్రపోయి, పిల్లల్ని పెంచుకునే చోటుని నడపడానికి మాత్రం చాలా చోట్ల ఆ చోటు సొంతమై ఉంటే చాలు. ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

నేల కౌలు నుంచి ఫ్లాట్ అద్దె దాకా

ఇంగ్లండ్‌లో 1647లో పారడైన్ వర్సెస్ జేన్ అని ఒక కేసు నడిచింది. అంతర్యుద్ధం రోజులవి. రాజు పక్షాన పోరాడుతున్న ప్రిన్స్ రూపర్ట్ సైన్యం, పారడైన్ దగ్గర జేన్ కౌలుకి తీసుకున్న భూమిలోకి దిగి అతన్ని తరిమేసింది. నేను అడుగుపెట్టలేని భూమికి కౌలెందుకు కట్టాలని జేన్ అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. కడతానని ఒప్పుకున్నాక కట్టాల్సిందే అంది.

ఇప్పుడు చదివితే అన్యాయంగా అనిపిస్తుంది గానీ, ఆ కాలంలో కౌలు అంటే ప్రధానంగా నేల. దాని మీద ఇల్లో, కొట్టమో ఉంటే అది పొలంతో పాటు వచ్చేది. కప్పు కారితే నేసుకోవడం, గోడ కూలితే కట్టుకోవడం కౌలుదారుకి చేతనైన పనులే. అందుకే మరమ్మతు యజమాని బాధ్యత అన్న ఆలోచనే రాలేదు. జనం పట్నాలకి వచ్చి అంతస్తుల భవనాల్లో అద్దెకి దిగాక కూడా చట్టం మాత్రం ఆ పొలం కౌలు దగ్గరే ఉండిపోయింది.

1843లో చిన్న సందు దొరికింది. సర్ థామస్ మారబుల్ కుటుంబం బ్రైటన్‌లో సామాన్లతో సహా ఒక ఇల్లు అద్దెకి తీసుకుంది. ఇల్లంతా నల్లులు. కొద్ది రోజుల్లోనే ఖాళీ చేసి వెళ్లిపోయారు. మిగతా అద్దె కోసం ఓనర్ కోర్టుకెక్కితే, సామాన్లతో సహా ఇచ్చే ఇల్లు చేరేనాటికి మనుషులు ఉండదగ్గట్టు ఉండాలని కోర్టు తేల్చింది. ఖాళీ ఇల్లు తీసుకున్నవాళ్లకి మాత్రం ఆ రక్షణ రాలేదు.

అసలు మలుపు 1970లో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వచ్చింది. క్లిఫ్టన్ టెరస్ అనే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు అద్దె ఆపేశారు. అక్కడి భవన నిబంధనల ప్రకారం దాదాపు 1,500 లోపాలున్నాయని వాళ్ల వాదన. జావిన్స్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో తీర్పు రాసింది జడ్జి జె. స్కెల్లీ రైట్. ఆయన చెప్పిన దాని సారం ఇది. పట్నంలో మూడో అంతస్తులో ఇల్లు తీసుకునే మనిషికి నేలతో పని లేదు. అతను డబ్బిచ్చి కొనుక్కునేది గోడలు, కప్పు, వెలుతురు, గాలి, వెచ్చదనం, పనిచేసే కుళాయిలు, గట్టి తలుపులు, ఇంటి పోషణ, అన్నీ కలిపిన ఒక మూట. ఆ మూటలో సగం ఇవ్వకుండా పూర్తి అద్దె అడగడం కుదరదు. ఆ తర్వాత అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఈ సూత్రాన్ని తీసుకున్నాయి. జర్మనీ పౌర చట్టం ఇంకాస్త సూటిగా ఉంటుంది. ఇంట్లో పెద్ద లోపం ఉందని ఓనర్‌కి తెలియజేశాక, ఆ లోపం ఉన్నంతకాలం చట్టం ప్రకారమే అద్దె తగ్గుతుంది.

మూడు వందల ఏళ్లకి పైగా పట్టింది. అద్దె అంటే చోటు ఖరీదు ఒక్కటే కాదని, ఆ చోటుని బాగా నడిపే సేవ ఖరీదు కూడానని కోర్టులు ఒప్పుకున్నాకే ఓనర్ పనికి కొలత పెట్టడం వీలైంది.

ఒకే మాట, నాలుగు అర్థాలు

ఓనర్లు పాటించాల్సిన ప్రమాణాలు అన్నప్పుడు నాలుగు వేర్వేరు సంగతులు కలగలిసిపోతుంటాయి. దేని మీద నిలబడి మాట్లాడుతున్నామో తెలియకపోతే ఎంత వాదించినా ఫలితం ఉండదు కాబట్టి వీటిని విడదీసి చూడాలి.

అన్నిటికన్నా గట్టిది చట్టం. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ ప్రకారం స్వల్పకాలపు అద్దెల్లో ఇంటి కట్టడం, బయటి భాగం, నీళ్లు, గ్యాస్, కరెంటు, మరుగుదొడ్డి, హీటింగ్ ఏర్పాట్ల మరమ్మతు ఓనర్‌దే. అగ్రిమెంట్‌లో వేరే విధంగా రాసుకున్నా చెల్లదు. భారతదేశంలో 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ పనుల్ని పట్టికగా విడగొట్టింది. కట్టడం మరమ్మతు, గోడలకి సున్నం, తలుపులకి రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు గడియలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ల వంతు. అగ్రిమెంట్‌లో మరోలా రాసుకోకపోతేనే ఈ పట్టిక వర్తిస్తుంది. పైగా అది నమూనా చట్టం. రాష్ట్రం దాన్ని చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. ఈ రెండు సంగతులూ తెలియక పొరబడేవాళ్లు ఎక్కువ.

రెండోది రిజిస్ట్రేషన్, లైసెన్స్. స్కాట్లండ్‌లో 2006 నుంచి ప్రైవేటు ఓనర్లు స్థానిక కౌన్సిల్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఈ పనికి తగిన మనిషేనా అని కౌన్సిల్ చూస్తుంది. వేల్స్‌లో 2015లో రెంట్ స్మార్ట్ వేల్స్ వచ్చింది. ఇంటి వ్యవహారాలు తనే చూసుకునే ఓనర్ శిక్షణ తీసుకుని లైసెన్స్ పొందాలి, లేదంటే లైసెన్స్ ఉన్న ఏజెంట్‌కి అప్పగించాలి. వృత్తి అన్న మాటకి నిజంగా దగ్గరగా వచ్చిన ఏర్పాటు ఇదేనని నాకనిపిస్తుంది. లైసెన్స్ ఉందంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నట్టు.

మూడోది ఓనర్ల సంఘాలు సొంతంగా రాసుకునే నియమావళి. చదవడానికి బాగుంటాయి. సభ్యుడు తప్పు చేస్తే సంఘం సభ్యత్వం తీసేయగలదు, అంతే. మీ అడ్వాన్స్ వెనక్కి ఇప్పించే అధికారం దానికి ఉండదు. సంఘంలో సభ్యుణ్నని ఓనర్ చెప్తే సంతోషించవచ్చు గానీ, తప్పు జరిగితే ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, వాళ్ల తీర్పుకి ఓనర్ కట్టుబడాలా అని అడగాలి.

నాలుగోది మన చేతిలో ఉండే అగ్రిమెంట్. చట్టం బలహీనంగా ఉన్న చోట ప్రమాణం అంటూ ఉంటే ఇక్కడే ఉండాలి. సంతకం పెట్టకముందు మరమ్మతుల గురించి రెండు వాక్యాలు చేర్చమని అడిగేవాళ్లు తక్కువ. మేమూ అడగలేదు.

గడువు లేని మాట

మరమ్మతు ఎవరిది అన్న దాని గురించి చాలామంది మాట్లాడతారు. ఎన్ని రోజుల్లో అన్నదే అసలు ప్రశ్న. దీన్ని ఒక పసివాడి చావు ముందుకి తెచ్చింది.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. వాళ్లది ఒక హౌసింగ్ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాట్. గోడల నిండా నల్లటి బూజు. తండ్రి 2017లోనే చెప్తే, పైన పెయింట్ వేసుకోమన్నారు. బూజు గాలిని ఎక్కువకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యతోనే బాబు చనిపోయాడని 2022 నవంబర్‌లో కరోనర్, అంటే మరణ కారణాన్ని విచారించే అధికారి, తేల్చారు. ఆ కుటుంబం జీవన విధానం వల్లే బూజు పడుతోందని ముందే ఒక అభిప్రాయానికి వచ్చి పొరపాటు చేశామని ఆ సంస్థ తర్వాత ఒప్పుకుంది.

ఆ బాబు పేరు మీదే అవాబ్ చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ హౌసింగ్‌లో, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, ప్రాణం మీదకొచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో చూడాలి. ఆరోగ్యానికి గణనీయంగా హాని చేసే చెమ్మ, బూజు గురించి తెలిస్తే 10 పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి. ప్రమాదం ఉందని తేలితే ఆ తర్వాత 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. ప్రైవేటు అద్దెలకీ దీన్ని విస్తరించే వీలు 2025 నాటి రెంటర్స్ రైట్స్ యాక్ట్ కల్పించింది.

ఈ గడువుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది పరిశీలన గడువు. గోడ చెమర్చడానికి కారణాలు వేర్వేరుగా ఉంటాయి. పైపు లీకైతే మచ్చ ఒకే చోట మొదలై చుట్టూ విస్తరిస్తుంది, ఎండలోనూ ఆరదు. బయటి గోడ పగుళ్లలోంచి వచ్చే నీరైతే వాన పడ్డప్పుడు ముదిరి, తర్వాత తగ్గుతుంది. కింది నుంచి ఎక్కే చెమ్మ నేల దగ్గర మొదలై కొంత ఎత్తులో ఆగుతుంది. ఇంట్లోని ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరైతే గది మూలల్లో, కిటికీల చుట్టూ, గాలాడని బీరువా వెనకా చుక్కలు చుక్కలుగా బూజు పడుతుంది. ఈ చివరి దానికి మాత్రమే మన అలవాట్లతో కొంత సంబంధం ఉంది. అక్కడ కూడా గాలి వెళ్లే దారి సరిగా లేకపోతే కిటికీలు తీసుకోండి అంటే సరిపోదు. చూడకుండా ఏ రకమో తెలియదు. చూడకముందే పెయింట్ వేయించడమంటే మచ్చని దాచడమే.

అపార్ట్‌మెంట్‌లో ఇంకో చిక్కుంది. నీళ్లు పై ఫ్లాట్ నుంచి వస్తాయి, పైపు అందరిదీ, కప్పు భవనానిది. "పైవాళ్లతో మాట్లాడుకోండి" అని ఓనర్ అంటారు, "మీ ఓనర్‌ని పంపండి" అని పైవాళ్లంటారు. పైవాళ్లకీ మనకీ మధ్య ఏ ఒప్పందమూ లేదు. మనం అద్దె కట్టేది మన ఓనర్‌కి. పై ఫ్లాట్ ఓనర్‌తోనో, భవనం నిర్వహణ చూసేవాళ్లతోనో మాట్లాడి పని జరిపించడం ఆయన బాధ్యత. ఇంట్లో ఉండేవాణ్ని ఆ రెండు తలుపుల మధ్య తిప్పకపోవడం కూడా వృత్తి ప్రమాణంలో భాగమే.

మా గోడ సంగతి చివరికి అదే అయింది. ఎనిమిదో నెలలో ప్లంబర్ వచ్చాడు. పై బాత్రూమ్ టైల్స్ వెనక పైపు జాయింట్ కారుతోంది. పూటలో పని అయిపోయింది.

అడ్వాన్స్ దగ్గర తేలే లెక్క

ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ గోడ మళ్లీ మా ముందుకొచ్చింది. ఆ గోడ పెయింట్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటానన్నారు ఓనర్ గారు. "ఇది నేను మొదట్లోనే చెప్పాను కదండీ" అంటే, "చెప్పారేమో, ఇంత ముదిరిందని తెలిస్తే నేనెందుకు వదిలేస్తాను" అన్నారు. ఆయన అబద్ధమాడారని నేననుకోను. నిజంగానే గుర్తు లేదు. నేను చెప్పిందంతా ఫోన్‌లోనే. ఒక్క మెసేజ్ లేదు, ఒక్క ఫొటో లేదు. ఆయన మంచితనం మీద నమ్మకంతో, రాసి పెట్టడం అమర్యాద అనుకున్నాను.

అడ్వాన్స్ విషయంలో చట్టాలు ఎక్కడికక్కడ వేరుగా ఉన్నా చూసేవి మూడే. ఎంత తీసుకోవచ్చు, డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, కోతకి లెక్క ఎప్పుడు చూపాలి. భారత నమూనా చట్టం నివాస గృహాలకి 2 నెలల అద్దెకి మించకూడదంది. జర్మనీలో నీళ్లు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని నెల అద్దెకి 3 రెట్ల దాకా తీసుకోవచ్చు, అదీ మూడు వాయిదాల్లో కట్టే హక్కుంది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి అడ్వాన్స్‌ని ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకం కిందికి తేవాలి. అందిన 30 రోజుల్లో అలా చేయకపోతే కోర్టు ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా కట్టించగలదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2019 చట్టం ప్రకారం చాలామటుకు ఇళ్లకి ఖాళీ చేసిన 14 రోజుల్లో పద్దులవారీగా లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే కోత పెట్టే హక్కే పోతుంది.

కోత న్యాయమా కాదా అన్నది వాడకంలో వచ్చే అరుగుదలకీ, పాడు చేయడానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నడిచే దారిలో నేల మెరుపు తగ్గడం, ఎండకి రంగు వెలిసిపోవడం అరుగుదల. అద్దె కట్టిందే ఆ వాడకానికి. ఇస్త్రీపెట్టె పెట్టి నేల కాల్చేస్తే అది పాడు చేయడం. అప్పుడు కూడా పూర్తి ఖర్చు కాదు. మీరు చేరేనాటికి కొత్తగా వేసిన పెయింట్ అయిదేళ్లు నిలుస్తుందనుకుందాం. మీరు నాలుగేళ్లున్నాక మీ పాప గోడంతా క్రేయాన్లతో గీసింది. ఆ పెయింట్‌కి మిగిలిన ఆయుష్షు ఒక్క ఏడాదే కాబట్టి మీరు ఇవ్వాల్సింది అయిదో వంతు. మొత్తం మీతో కట్టిస్తే పాత పెయింట్ స్థానంలో కొత్త పెయింట్ మీ డబ్బుతో ఓనర్‌కి దక్కినట్టవుతుంది. ఇంగ్లండ్‌లో అడ్వాన్స్ తగాదాలు తీర్చేవాళ్లు ఇదే లెక్క వేస్తారు. ఇంత తేలికైన లెక్క ఆ రోజు నాకు తెలియదు.

తలుపు తట్టే పద్ధతి, అడిగితే వెళ్లగొట్టే భయం

ఓనర్ దగ్గర ఇంకో తాళం చెవి ఉండటం తప్పు కాదు. దాన్ని ఎప్పుడు వాడొచ్చన్నదే ప్రమాణం. భారత నమూనా చట్టంలోనూ, ఇంగ్లండ్ 1985 చట్టంలోనూ ఇల్లు చూడటానికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి. భారత నమూనా చట్టం సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని కూడా అంటుంది. అగ్నిప్రమాదం, వరద లాంటివి వేరు.

ఇల్లు ఎవరికివ్వాలో ఎంచుకునే చోట కూడా హద్దులున్నాయి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. తర్వాతి సవరణల్లో స్త్రీ పురుష భేదం, వైకల్యం, పిల్లలున్న కుటుంబం కూడా చేరాయి. పద్ధతిగా పనిచేసే ఓనర్ ఎవరినీ చూడకముందే తన షరతులు రాసుకుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ అవే చెప్తాడు.

పైన చెప్పిన హక్కులన్నిటినీ ఒక్క భయం కొట్టేస్తుంది. ఎక్కువ అడిగితే ఖాళీ చేయమంటారేమో అన్న టెన్షన్. వాషింగ్టన్‌లోనే ఇవోన్ ఎడ్వర్డ్స్ అనే మహిళ తన ఇంట్లో పారిశుధ్యం బాగాలేదని అధికారులకి ఫిర్యాదు చేసింది. తనిఖీలో 40కి పైగా లోపాలు బయటపడ్డాయి. ఓనర్ ఆమెకి ఖాళీ చేయమని నోటీసిచ్చాడు. ఫిర్యాదు చేసినందుకు కక్షతో ఖాళీ చేయించడం చెల్లదని 1968లో అప్పీల్ కోర్టు తేల్చింది. ఈ తీర్పు రాసిందీ స్కెల్లీ రైటే. జావిన్స్‌కి రెండేళ్ల ముందు ఇది రావడం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. నోరు తెరిస్తే ఇల్లు పోదన్న భరోసా ముందు ఉండాలి, ఇల్లు బాగుండాలన్న హక్కు ఆ తర్వాతే పనికొస్తుంది. ఇంగ్లండ్ కూడా 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించే నోటీసుని రద్దు చేస్తూ చట్టం చేసింది.

ఓనర్ల వైపు వాదన కొట్టిపారేసేది కాదు. ఒక్క ఫ్లాట్ అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే దాని అప్పు వాయిదా కట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. పది రోజుల గడువు వందల ఇళ్లున్న సంస్థకి ఒక లెక్క, ఒంటరి ఓనర్‌కి ఇంకో లెక్క. ప్రమాణాల ఖర్చు కొంత అద్దెలోకి వస్తుందన్నది కూడా నిజమే. కానీ మా గోడ లెక్కే చూడండి. మొదటి నెలలో జాయింట్ మార్చి ఉంటే ప్లంబర్ కూలితో పోయేది. ఏడు నెలల తర్వాత ప్లంబర్ కూలి, గోడ చెక్కి మళ్లీ పూత, పెయింట్, మా దుప్పట్లు. ఇంట్లో ఉండేవాళ్లకీ బాధ్యతలున్నాయి. లోపం కనిపించిన వెంటనే చెప్పాలి, పనివాళ్లు వస్తామన్న రోజున తలుపు తీయాలి. నెలల తరబడి దాచిపెట్టి చివర్లో గొడవపడితే ఏ చట్టమూ పూర్తిగా కాపాడదు.

ఆ తర్వాత మేం చేరిన ఇంటి ఓనర్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నవ్వడం కూడా తక్కువే. తాళం ఇచ్చే ముందు ఆవిడ ఒక నోట్‌బుక్ పట్టుకుని మాతో పాటు గది గదీ తిరిగింది. హాల్లో కిటికీ అద్దం మూల చిన్న పగులు, వంటగది గట్టు మీద వేలెడు గీత, బాత్రూమ్ కుళాయి కొంచెం వదులు, అన్నీ రాసి, ఫొటోలు తీసి, తారీఖు వేసి, నాతో సంతకం పెట్టించుకుని ఒక కాపీ నా చేతిలో పెట్టింది. "ఏదైనా పాడైతే ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి. చూశానని రెండు రోజుల్లో జవాబిస్తాను" అంది. అయిదో నెలలో ఆ కుళాయి పూర్తిగా ఊడిపోయింది. పొద్దున్నే ఫొటో తీసి పంపాను. మధ్యాహ్నానికల్లా ప్లంబర్ నంబరు, అతను వచ్చే టైము మెసేజ్‌లో వచ్చాయి.